బస్సు బ్రేక్ వేస్తే మనల్ని ముందుకు తోసేది ఎవరు?

కొత్తమెట్టు (ప్రశ్న):

తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి నిన్న రాత్రి ఒక ప్రశ్న వేసింది. సరైన జవాబు చెప్పలేకపోయాను, అప్పటి నుంచీ అదే బుర్రలో తిరుగుతోంది. బస్సులో నిలబడి వెళ్తుంటే డ్రైవర్ గబుక్కున బ్రేక్ వేస్తాడు, మనం ముందుకు పడబోతాం. పాఠంలో దీనికి "జడత్వం వల్ల" అని ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. పరీక్షలో అదే రాస్తే మార్కులు వచ్చేస్తాయి. కానీ అమ్మాయి అడిగింది వేరు: "నాన్నా, జడత్వం అంటే బలమా? బలం కాకపోతే నన్ను తోసింది ఎవరు? నా వెనక ఎవరూ లేరు కదా?"

జడత్వం కూడా ఒక రకం బలమే అని చెప్పేశాను. చెప్పాక నాకే అనుమానం వచ్చింది, ఎందుకంటే బలాన్ని న్యూటన్లలో కొలుస్తారని గుర్తుంది గానీ జడత్వం ఇన్ని న్యూటన్లు అని ఎక్కడా చదివిన గుర్తు లేదు. పోనీ బలం కాదనుకుందామంటే, బలం లేకుండా త్వరణం, అంటే వేగంలో మార్పు, రాదని న్యూటన్ రెండో నియమం చెబుతోంది, మరి నిలబడి ఉన్నవాణ్ణి కదిలి వెళ్లి ముందున్న కడ్డీకి గుద్దుకున్నానంటే నాకు త్వరణం వచ్చినట్టే కదా? ఎక్కడో తప్పు చేస్తున్నాను, ఎక్కడన్నదే తెలియడం లేదు. నేను చదివింది కామర్స్, ఫిజిక్స్ పదో తరగతితోనే ఆగిపోయింది. లెక్కలు వేసినా పర్లేదు, కానీ నేను వెళ్లి పిల్లకి చెప్పగలిగేలా చెప్పండి.

లోలకం:

మీ అమ్మాయి పట్టుకోవాల్సిన చోటే పట్టుకుంది. "ఎవరు?" అన్న ఆ ప్రశ్నని వదలొద్దని చెప్పండి. బలం ఉందంటే దాన్ని ఇచ్చేది ఒకటి ఉండాలి. తాడు లాగుతుంది, గోడ నెడుతుంది, భూమి తన వైపు ఆకర్షిస్తుంది, అయస్కాంతం దూరం నుంచే గుంజుతుంది. ఇదిగో ఈ వస్తువు ఇస్తోంది అని వేలు పెట్టి చూపించలేకపోతే ఆ బలం లేనట్టే. బస్సులో మీ వీపు వెనక ఎవరూ లేరు, కాబట్టి ముందుకు తోసిన బలమూ లేదు.

మీ తప్పు "నిలబడి ఉన్నవాణ్ణి కదిలాను" అన్న దగ్గర ఉంది. బస్సు గంటకి 54 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి, అంటే సెకనుకి 15 మీటర్లు. మీరు కడ్డీ పట్టుకుని కదలకుండా ఉన్నట్టు మీకు అనిపిస్తుంది గానీ మీరూ సెకనుకి 15 మీటర్లు పోతూనే ఉన్నారు. ఇప్పుడు రోడ్డు పక్కన నిలబడి కిటికీల్లోంచి మిమ్మల్నే చూస్తున్న మనిషిని ఊహించుకోండి. బ్రేక్ పడింది. బస్సు వేగం 14కి, 13కి, 12కి దిగిపోతోంది. మీ తల, భుజాలు మాత్రం ఇంకా 15 దగ్గరే ఉన్నాయి. ఆ మనిషి కంటికి మీరు ముందుకు దూకలేదు, ఉన్న వేగంలోనే ఉన్నారు, మీ చుట్టూ ఉన్న బస్సే వెనకబడుతోంది. మీరు వెళ్లి కడ్డీని గుద్దారని మీరనుకుంటున్నారు, నిజానికి మీ ముందు నెమ్మదించిన కడ్డీని మీ పాత వేగంతోనే అందుకున్నారు. అందులో కొత్తగా వచ్చిన త్వరణం ఏమీ లేదు, కాబట్టి దానికి బలం వెతకాల్సిన పనీ లేదు.

మరి అక్కడ బలమే లేదా అంటే ఉంది, అది వెనక్కి ఉంది! ఇది చాలామంది గమనించరు. చివరికి మీరూ బస్సుతో పాటు ఆగారు కదా, 15 నుంచి సున్నాకి వచ్చారు కదా, మిమ్మల్ని ఆపింది ఎవరు? పాదాల కింద నేల ఘర్షణతో ఆపింది, చేతిలో కడ్డీ ఆపింది. బస్సు 3 సెకన్లలో ఆగిందనుకుంటే వేగం సెకనుకి 5 చొప్పున తగ్గింది, మీ ద్రవ్యరాశి 60 కిలోలైతే 60 ఇంటూ 5, అంటే 300 న్యూటన్లు. 30 కిలోల మూట ఎత్తడానికి పట్టే బలం అంత ఉంటుంది ఇంచుమించు. అదంతా మిమ్మల్ని వెనక్కి నెట్టిన బలమే. అడ్డంగా ముందుకు పనిచేసింది ఒక్క న్యూటన్ కూడా లేదు.

జడత్వం న్యూటన్లలో ఉండదన్న మీ అనుమానం సరైనదే. జడత్వం అంటే వస్తువు తన వేగాన్ని మార్చనివ్వని గుణం, దాన్ని కొలిచేది ద్రవ్యరాశి, అందుకే కిలోల్లో ఉంటుంది. నిండు బండిని కదిలించడం కష్టం, కదిలాక ఆపడమూ అంతే కష్టం, ఆ మొండితనానికే జడత్వం అని పేరు. కదులుతూ ఉండాలంటే ఎవరో ఒకరు తోస్తూనే ఉండాలని అరిస్టాటిల్ కాలం నుంచి దాదాపు రెండు వేల ఏళ్ల పాటు ఎక్కువమంది నమ్మారు, మనకీ సహజంగా అలాగే అనిపిస్తుంది, ఎందుకంటే మన చుట్టూ ఎక్కడ చూసినా ఘర్షణ ఉంది, తోయడం మానేస్తే అన్నీ ఆగిపోతాయి. గెలీలియో వాలు పలకల మీద గుండ్లు దొర్లించి చూసి, నునుపు పెరిగేకొద్దీ గుండు ఇంకా ఇంకా దూరం పోతోందంటే ఆపేది ఘర్షణే, అది అసలే లేకపోతే ఆగదు అని ఆలోచించాడు. 1687లో న్యూటన్ దాన్నే మొదటి నియమంగా పెట్టాడు. మీ అమ్మాయి అడిగింది ఆ మొదటి నియమం గురించే.

చట్రం:

ఇది మూడో నియమం అనుకుంటున్నాను. బస్సు మనల్ని వెనక్కి నెడుతుంది, దానికి ప్రతిచర్యగా మనం ముందుకు పడతాం. చర్యకి సమానమైన, వ్యతిరేకమైన ప్రతిచర్య. నాకు ఇలాగే చెప్పారు.

లోలకం:

చట్రం గారూ, ఈ పొరపాటు చాలా చోట్ల కనిపిస్తుంది కాబట్టి వివరంగా చెప్తాను. చర్య, ప్రతిచర్య ఎప్పుడూ ఒకే వస్తువు మీద పనిచేయవు. బస్సు నేల మీ పాదాల్ని వెనక్కి నెట్టింది, దానికి ప్రతిచర్య మీ పాదాలు బస్సు నేలని ముందుకు నెట్టడం. ఆ ముందుకు నెట్టే బలం నిజమైనదే, కానీ అది పడింది బస్సు మీద, మీ మీద కాదు. బస్సు నిండా మనుషులుంటే ఆపడానికి బ్రేకులు ఎక్కువ కష్టపడాలి, కారణం ఇదే, అందరి పాదాలూ కలిసి బస్సుని ముందుకు తోస్తున్నాయి. రెండూ మీ మీదే పడేటట్టయితే ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుని ఫలిత బలం సున్నా అయ్యేది, మీరు ఎప్పటికీ ఆగేవారే కాదు.

వాలుతలం:

లోలకం గారు చెప్పింది మొత్తం ఒప్పుకుంటాను, కానీ ఒక్క చోట అభ్యంతరం ఉంది. "బలం లేనట్టే" అని అంత గట్టిగా కొట్టిపారేస్తే పిల్లకి ఇంకో చిక్కు వస్తుంది. బస్సు లోపల ఉన్న మనిషి బస్సునే ఆధారంగా తీసుకుని లెక్క వేయొచ్చు, అందులో తప్పు లేదు. అలా వేసేటప్పుడు బ్రేక్ పడిన ప్రతిసారీ అన్ని వస్తువుల మీదా ముందుకి ఒక బలం పనిచేస్తున్నట్టు కలుపుకోవాలి, దాన్నే మిథ్యా బలం అంటారు. ప్రతి వస్తువు మీదా అది దాని ద్రవ్యరాశికి తగ్గట్టే పడుతుంది, 60 కిలోల మనిషి మీద 300 న్యూటన్లు పడితే 6 కిలోల సంచి మీద 30. దాన్ని ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు, నిజమే, కానీ లెక్క సరిగ్గా కుదురుతుంది. మలుపులో బయటికి లాగినట్టు అనిపించే అపకేంద్ర బలమూ ఈ కోవలోదే.

పిల్లకి చూపించడానికి ఒక మంచి ప్రయోగం ఉంది, ఖర్చు లేనిది. నీళ్ల సీసా నిండా నీళ్లు పోసి చిన్న గాలి బుడగ ఒకటి మిగిలేలా మూత బిగించండి. బస్సులో దాన్ని పొడవుగా, మూత ముందు వైపు ఉండేలా పడుకోబెట్టి పట్టుకోమనండి. బ్రేక్ వేసినప్పుడు బుడగ ఎటు పోతుందో ముందే చెప్పమనండి. చాలామంది ముందుకే అంటారు. వెనక్కి పోతుంది! కారణం: నీళ్లకి బుడగ కన్నా జడత్వం చాలా ఎక్కువ, బస్సు నెమ్మదిస్తే నీళ్లు ముందు వైపుకి ఒత్తుకుంటాయి, తేలికైన బుడగ ఖాళీ అయిన వెనక వైపుకి జరగాల్సి వస్తుంది. కిటికీలు మూసిన కారులో హీలియం బెలూన్ కూడా ఇలాగే చేస్తుంది, అందరూ ముందుకి ఊగితే అది వెనక్కి ఊగుతుంది.

ఇంకొకటి. ఫోన్లో త్వరణాన్ని కొలిచే సెన్సార్ ఉంటుంది, దాని అంకెలు చూపించే ఉచిత యాప్‌లు దొరుకుతాయి. ఫోన్ని బల్ల మీద కదలకుండా పెడితే సున్నా చూపించాలి అనుకుంటాం, కానీ 9.8 చూపిస్తుంది, అదీ పైకి. మెత్తటి పరుపు మీదికి జారవిడిస్తే, పడుతున్న ఆ కొద్ది క్షణాలు మాత్రం దాదాపు సున్నా చూపిస్తుంది. అంటే ఆ సెన్సార్‌కి గురుత్వం తెలియదు, తనని ఆనుకుని ఉన్నది ఎంత నెడుతోందో అదే తెలుస్తుంది. మన శరీరమూ అంతే. మనం "బరువు" అని అనుభవించేది భూమి లాగడాన్ని కాదు, నేల పైకి నెట్టడాన్ని. లిఫ్ట్ పైకి బయలుదేరి సెకనుకి 1 మీటరు చొప్పున వేగం పెంచుకుంటుంటే, అందులో బరువు తూచే మెషీన్ మీద నిలబడిన 60 కిలోల మనిషికి అది ఇంచుమించు 66 చూపిస్తుంది, మనిషి మీద గురుత్వం మాత్రం అణువంత కూడా పెరగలేదు. 1907లో ఐన్‌స్టీన్ ఇక్కడి నుంచే మొదలుపెట్టాడు: పైనుంచి స్వేచ్ఛగా పడుతున్న మనిషికి తన బరువు తనకి తెలియదు. గురుత్వం కూడా ఒక రకంగా మిథ్యా బలం లాంటిదేనన్న ఆలోచనకి అక్కడే విత్తనం పడింది. అందుకే "మిథ్య" అన్న మాట చూసి దాన్ని తక్కువ చేయొద్దంటాను.

లోలకం:

ఒప్పుకుంటున్నాను, నేను మరీ గట్టిగా అన్నాను. పిల్లకి మొదట రోడ్డు పక్క మనిషి కళ్లతో చూడడం అలవాటు చేసి, అది బాగా వచ్చాకే బస్సు లోపలి లెక్కకి తీసుకెళ్తే మంచిది. రెండూ ఒకేసారి కలిపితేనే "జడత్వం ఒక రకం బలం" అన్న మాట పుడుతుంది.

కొత్తమెట్టు:

అందరికీ చాలా థాంక్స్. లోలకం గారి రోడ్డు పక్క మనిషిని అమ్మాయికి చెప్పాను, వెంటనే పట్టేసింది, నాకన్నా ముందే. ఇవాళ బస్సులో సీసా కూడా పట్టుకెళ్లాం. బుడగ వెనక్కే పోయింది! బస్సు బయలుదేరినప్పుడేమో ముందుకు పోయింది.

కానీ అక్కడే ఇంకో ప్రశ్న వేసింది, నేను మళ్లీ మొదటికొచ్చాను. బ్రేక్ పట్టి ఉంచినంతసేపు ముందుకు వంగుతాం, సరే. కానీ బస్సు పూర్తిగా ఆగిన క్షణంలో ఒక కుదుపుతో వెనక్కి పడతాం కదా, అదెందుకు? ఆగిపోయాక ఏ జడత్వం ఉంది? ఇంకోటి కూడా అడిగింది. ఘర్షణ ఆపుతుంటే మనం ఎందుకు తూలిపోవాలి, నిటారుగా నిలబడే ఆగొచ్చు కదా అని.

ఇరుసు:

చాలా ఏళ్లుగా పెద్ద బండ్లు నడుపుతున్నాను. ఆ ఆఖరి కుదుపు గురించి నేర్చుకునే రోజుల్లోనే మాకు గట్టిగా చెప్తారు కాబట్టి నేను రాస్తాను. లెక్కలు వాళ్లు చూసుకుంటారు.

బ్రేక్ మీద ఉన్నంతసేపు మీరు ఊరికే ముందుకు వేలాడరు. తెలియకుండానే కడ్డీని బిగించి, కాళ్లు ఆనించి, ఒంటిని వెనక్కి లాక్కుని ఉంటారు. కూర్చున్నవాళ్లు కూడా నడుం బిగిస్తారు. బండి వేగం తగ్గుతున్నంతవరకు ఆ బిగింపు అవసరం, మిమ్మల్ని బండితో పాటు ఆపుతున్నది అదే. ఇప్పుడు బండి సున్నాకి వచ్చింది. వచ్చిన ఆ క్షణంలోనే తగ్గడం కూడా ఉన్నట్టుండి మాయమైంది, ఎందుకంటే ఆగిన బండి ఇంకా తగ్గడానికి ఏమీ లేదు. మీ కండరాలకి ఆ సంగతి తెలియడానికి కొంచెం టైం పడుతుంది, అవి ఇంకా వెనక్కి లాగుతూనే ఉంటాయి. ఆ లాగుడికే మీరు వెనక్కి పడతారు. దానికి తోడు బ్రేక్ వేసినప్పుడు బండి ముందు భాగం కిందికి కుంగుతుంది, ముందు స్ప్రింగులు నొక్కుకుంటాయి, ఆగగానే అవి విడిచిపెట్టి బండిని వెనక్కి ఊపుతాయి. రెండూ ఒకేసారి వస్తాయి.

అందుకే మంచి డ్రైవర్ ఆఖరి మీటరులో పెడల్ మీది ఒత్తిడి కాస్త కాస్త వదులుతాడు. బండి ఆగే క్షణానికి బ్రేక్ నామమాత్రంగానే ఉండాలి. అలా ఆపితే నిలబడిన ముసలివాళ్లు కూడా తూలరు, బండి ఎప్పుడు ఆగిందో కూడా తెలియదు. ముందు దూరం ఉంచుకోని డ్రైవర్ ఇది చేయలేడు, చివరి దాకా నొక్కే ఉంచాల్సి వస్తుంది. జనం తూలుతున్నారంటే నేను ముందు బండికి మరీ దగ్గరగా పోతున్నానని నాకు అర్థమవుతుంది.

సరుకు విషయంలోనూ ఇదే. కట్టని సరుకుకి పట్టుకోవడానికి చేతుల్లేవు, కింద ఘర్షణ ఒక్కటే దిక్కు. గట్టిగా బ్రేక్ పడితే ఆ ఘర్షణ సరిపోదు, సరుకు పాత వేగంతోనే క్యాబిన్ మీదికొస్తుంది. బరువైన సరుకు కదా, ఎక్కడికీ పోదులే అనుకుంటారు కొత్తవాళ్లు. బరువు రెండింతలైతే ఘర్షణ రెండింతలవుతుంది, కానీ ఆపడానికి కావాల్సిన బలమూ రెండింతలే, బరువు వల్ల ఏమీ కలిసిరాదు. కట్టాల్సిందే.

లోలకం:

ఇరుసు గారు చెప్పినంత బాగా నేను చెప్పలేకపోయేవాణ్ణి. త్వరణం ఎంత వేగంగా మారుతుందో దాన్నే కుదుపు అంటాం, ఒంటికి ఇబ్బందిగా తగిలేది చాలాసార్లు త్వరణం కన్నా ఆ మార్పే.

తూలడం ఎందుకన్న రెండో ప్రశ్నకి జవాబు ఘర్షణ ఎక్కడ పడుతోందన్న దాంట్లో ఉంది. అది పాదాల దగ్గర పడుతుంది, మన గరిమనాభి, అంటే ఒంటి బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కలోకి తీసుకునే బిందువు, చూస్తే నేల నుంచి దాదాపు ఒక మీటరు ఎత్తున, బొడ్డుకి కాస్త కింద ఉంటుంది. పాదాల్ని ఆపేశారు, పై శరీరాన్ని ఆపలేదు, కాబట్టి మనిషి పాదాల మీంచి ముందుకి తిరుగుతాడు. కాళ్లు దగ్గరగా పెట్టి ముందుకి చూస్తూ నిటారుగా నిలబడితే గరిమనాభి కాలివేళ్లకి 12 సెంటీమీటర్లు వెనక ఉందనుకోండి. లెక్క వేస్తే, బస్సు వేగం సెకనుకి 1.2 మీటర్ల చొప్పున తగ్గితే చాలు, పడిపోవడం మొదలవుతుంది. గంటకి 36 కిలోమీటర్ల నుంచి 8 సెకన్లలో నిదానంగా ఆగే బస్సు కూడా ఆ హద్దు దాటుతుంది! అదే ఒక కాలు ముందుకి చాచి, గరిమనాభికి 40 సెంటీమీటర్లు ముందు ఆనిస్తే హద్దు దాదాపు 4కి పెరుగుతుంది. అలవాటున్నవాళ్లు బస్సు పోయే దిశలో ఒక కాలు ముందు, ఒకటి వెనక పెట్టి నిలబడడం, బ్రేక్ పడుతుందని గ్రహించగానే కాస్త వెనక్కి వాలడం మీరు చూసే ఉంటారు.

చట్రం:

మూడో నియమం విషయం ఇప్పుడు అర్థమైంది, థాంక్స్. మరి కార్లో సీట్ బెల్టు చేసేదేంటి? మనల్ని ఆపే బలం ఎలాగూ ఎక్కడో ఒక దగ్గర నుంచి రావాలి కదా, డాష్‌బోర్డ్ ఇస్తే ఏంటి, బెల్టు ఇస్తే ఏంటి?

వాలుతలం:

తేడా అంతా ఎంత దూరంలో ఆగుతామన్న దాంట్లో ఉంది. అదే 15 మీటర్ల వేగంతో కారు గోడకి గుద్దుకుందనుకోండి. కారు ముందు భాగం నలుగుతుంది, నలగడానికే దాన్ని అలా తయారుచేస్తారు. బెల్టు మిమ్మల్ని సీటుకి పట్టి ఉంచితే, నలుగుతున్న కారుతో పాటే మీరూ ఒక అర మీటరు దూరంలో ఆగుతారు. వేగాన్ని వర్గం చేసి, దూరానికి రెట్టింపుతో భాగిస్తే త్వరణం వస్తుంది: 225 బై 1, అంటే 225, గురుత్వ త్వరణానికి దాదాపు 23 రెట్లు. 60 కిలోల మనిషికి 13,500 న్యూటన్లు. చాలా ఎక్కువే, నొప్పి పెడుతుంది, పక్కటెముక విరగొచ్చు కూడా, కానీ బతికే అవకాశం బాగానే ఉంటుంది, పైగా ఆ బలం ఛాతీ, భుజం, తుంటి ఎముకల మీద పరుచుకుంటుంది. బెల్టు లేకపోతే కారు ఆగిపోయాక కూడా మీరు ఇంకా 15లోనే ఉంటారు, ఆ తర్వాత డాష్‌బోర్డ్ మీద ఏ 5 సెంటీమీటర్లలోనో ఆగాలి. దూరం పదో వంతు, కాబట్టి బలం పది రెట్లు, అదీ తల మీదో మోకాళ్ల మీదో పడుతుంది.

మనిషి ఎంత తట్టుకోగలడో తన మీదే చూసుకున్నవాడు జాన్ స్టాప్ అనే అమెరికా వైమానిక దళ వైద్యుడు. 1954 డిసెంబరులో రాకెట్లు కట్టిన బండిలో గంటకి వెయ్యి కిలోమీటర్లు దాటి వెళ్లి, 1.4 సెకన్లలో ఆగాడు. ఒక దశలో గురుత్వ త్వరణానికి 46 రెట్లు ఆయన ఒంటి మీద పడింది. కళ్లలో రక్తనాళాలు చిట్లాయి, బతికి బయటపడ్డాడు, చూపు కూడా తిరిగొచ్చింది. పట్టీలతో గట్టిగా కట్టి ఉండబట్టే అది సాధ్యమైంది. కార్లలో బెల్టులు తప్పనిసరి చేయాలని ఆ తర్వాత ఆయన గట్టిగా పోరాడాడు. ఇప్పుడు మనం పెట్టుకునే, భుజం మీంచి నడుం దాకా వచ్చే మూడు బిందువుల బెల్టుని 1959లో వోల్వోలో పనిచేసే నీల్స్ బోలిన్ అనే ఇంజినీరు తెచ్చాడు.

కొత్తమెట్టు:

బెల్టు లెక్కని అమ్మాయి తనే నోటుబుక్కులో వేసుకుంది, దూరం 10 సెంటీమీటర్లయితే ఎంత, 20 అయితే ఎంత అని. వెనక సీటులో కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే ముందు సీటులో ఉన్న నన్ను తనే గుద్దుతుంది కదా అని అడిగింది. అవునన్నాను.

రేపు మళ్లీ సీసా పట్టుకెళ్తుందట. ఈసారి అడ్డంగా, ఒక కిటికీ వైపు నుంచి ఇంకో కిటికీ వైపుకి ఉండేలా పట్టుకుంటుందట. బస్సు ఎడమకి తిరిగితే మనమంతా కుడికి ఒరుగుతాం, బుడగ మాత్రం ఎడమకే పోతుందని ఇప్పుడే కాగితం మీద రాసి తేదీ కూడా వేసింది. కారణం కూడా రాసింది: "నీళ్లు నేరుగా పోదామనుకుంటాయి, బస్సే వాటి కిందనుంచి ఎడమకి తిరుగుతుంది, అందుకని నీళ్లు కుడి గోడకి ఆనుకుంటాయి, బుడగకి మిగిలేది ఎడమ."

ఇరుసు:

సరిగ్గా రాసింది. మలుపు బాగా వంకరగా ఉన్న చోట చూడమనండి, బాగా తెలుస్తుంది. ఒక చేత్తో మాత్రం కడ్డీ పట్టుకోమనండి.